జంటపలకల బడి

హొన్నగుండ హైస్కూల్లో ఆ రోజు ఏడో తరగతి మొత్తం ఒక్కసారిగా తుమ్మింది.

ఒకరి తర్వాత ఒకరు కాదు, అందరూ కలిసి, భిన్నాల లెక్క మధ్యలో. బోర్డు దగ్గరున్న వహీదా టీచర్ చేతిలోంచి సుద్దముక్క జారిపడింది. ఊళ్ళో ఆ పూట ఎవరూ కారం దంచడం లేదు. కిటికీ అవతల ఎండ తప్ప మరేమీ లేదు. అయినా పిల్లలు ముక్కులు చీదుకుంటూ, కళ్ళు నులుముకుంటూ, ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వుతున్నారు.

"ఏమైందర్రా మీకు?" అంది వహీదా.

"మాదేవోళ్ళ కల్లంలో ఎండుమిరపకాయల కుప్ప తిరగేస్తాండారు టీచర్," అంది ముందు బెంచీలోని కావేరి, ఎర్రబడిన ముక్కును చున్నీకి తుడుచుకుంటూ. "ఘాటు మా దాకా వచ్చింది."

ఆ తరగతిలోనే చదివే మాదేవి, వలసపోయిన మిగతా పిల్లలూ ఉన్నది గుంటూరు వైపు. రైలెక్కితే రాత్రంతా ప్రయాణం. అక్కడ కుప్ప తిరగేస్తే ఇక్కడ తరగతి తుమ్మింది! వహీదా కుర్చీలో కూలబడి పిల్లలతో పాటు తానూ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది కూడా. ఇన్నేళ్ళూ పిచ్చిది పిచ్చిది అనిపించుకున్న మనిషికి ఆమాత్రం ఏడుపు రాదా మరి!

హొన్నగుండ అంటే ఒకప్పుడు పత్తి. జిన్నింగు మిల్లుల సైరన్ కూస్తే చుట్టుపక్కల ఊళ్ళు గడియారాలు సరిచేసుకునేవట. మిల్లులు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. నాలుగు రాళ్ళున్నవాళ్ళు పిల్లల్ని ఆదోని కాన్వెంటు బస్సులెక్కించారు. లేనివాళ్ళు సుగ్గికి పోయారు. ఆ సీమలో కోతల పనికి పిల్లాజెల్లాతో వలసపోవడాన్ని సుగ్గికి పోవడం అంటారు. పంట చేతికొచ్చే కాలం మొదలయ్యేసరికి లారీలు వచ్చి నిలబడతాయి. మూటలు, బొంతలు, వంట సట్లు, మేకపిల్ల, వాటి మీద పిల్లలు. లారీలు కదిలాక బడిలో మిగిలేది సగం బెంచీలే. సరిగ్గా ఆ నెలల్లోనే పైనుంచి తనిఖీకి వస్తారు. పిల్లల్లేని బడి ఎందుకు, వాగు అవతలి బసాపురం బడిలో కలిపేస్తే సరిపోలేదా అంటారు. లెక్క ప్రకారం వాళ్ళది తప్పు కాదు. కానీ ఆడపిల్లను వాగు దాటించి చదువుకు పంపే తల్లి హొన్నగుండలో ఒక్కతీ లేదు. బడి మూసిన మరుసటి ఏడాదే ఏడో తరగతి ఆడపిల్లలంతా పెళ్ళికూతుళ్ళవుతారని హెడ్మాస్టర్ తాయప్పకు తెలుసు. ఆయనే చిన్నప్పుడు సుగ్గి లారీలో అక్షరాలు మరిచిపోయి, మళ్ళీ మళ్ళీ నేర్చుకుని పైకొచ్చిన మనిషి.

అందుకే వహీదా వచ్చి "సార్, పిల్లల్ని ఆపొద్దు, పోనివ్వండి. బెంచీని కూడా వాళ్ళ వెంట పంపుదాం," అన్నప్పుడు ఆయన నవ్వలేదు. బెంగళూరులో ఆమె చేత పరిశోధన చేయించిన పెద్దలు మాత్రం కడుపుబ్బ నవ్వారు. చేస్తున్న పని సగంలో వదిలేసి ఈ మూల ఊరికి ఫిజిక్స్ టీచరుగా వచ్చింది అందుకే.

ఆమె కనిపెట్టినది చెప్పడానికి చిన్న సంగతే. ఒకే దూలాన్ని నిలువునా చీల్చి, ఆ రెండు ముక్కల్నీ లవణాలు కలిపిన నీళ్ళలో ఒకేచోట నానబెట్టి, ఒకే శ్రుతి మోగుతుండగా పక్కపక్కన ఆరబెడితే, చెక్క తాను రెండైన సంగతి మరిచిపోతుంది. ఒక ముక్క మీద కొడితే రెండోది అదురుతుంది. ఎంత దూరమైనా సరే.

మూతపడ్డ మిల్లు టేకు దూలాలు అడిగి తెచ్చుకుని, మిల్లు తొట్టిలోనే నానబెట్టి, మొదటి జత తయారుచేసింది. ఒక పలక మీద స్టాఫ్‌రూములో తాయప్ప కూర్చున్నాడు. రెండోది మిల్లు షెడ్డుకు తీసుకుపోయి దాని మీద వహీదా కూర్చుంది. పలక మీద ఆయన వేలితో రాసిన అక్షరం తన తొడ కింద పాకినట్టు తెలుస్తుందని ఆమె అనుకుంది. తెలిసింది. అనుకోనిది ఇంకోటి కూడా తెలిసింది. ఆమె దవడ పట్టుకుని బడికి పరుగెత్తుకొచ్చింది.

"సార్, ముందు మీరు ఆ కింది పన్ను పీకించుకోండి. నేను భరించలేను."

తాయప్ప చెయ్యి దవడ మీదికి పోయింది. పన్ను నొప్పి సంగతి ఆయన ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు.

మనిషి ఒంట్లో జరిగేదంతా సన్నని అదురే కదా, కూర్చున్న చెక్క దాన్నీ పట్టుకుంటోందని అప్పుడు వహీదాకు అర్థమైంది. విన్నది, తాకినది, వేడి, నొప్పి, అన్నీ దాటుతున్నాయి. చూపు ఒక్కటే దాటలేదు. అది చాలనుకుంది ఆమె. ఆ ఎండలు ముదిరేలోగా బెంచీలన్నీ జంటపలకలయ్యాయి. సుగ్గి లారీలు వచ్చిన రోజు తాయప్ప లారీ లారీకీ తిరిగి ఒక్కో ఇంటి మూటలో ఒక్కో పలక దోపాడు.

"ఇదేంటికి సారూ, కూసునేకి మాకు పీట లేక ఏడుస్తామా?" అంది మాదేవి తల్లి మారెమ్మ.

"దాని మీద నీ బిడ్డను కూసోబెట్టుమా, చాలు. ఎండ పెరిగినాక గుడారంలో తమ్ముణ్ణి చూసుకుంటా ఊరికే ఉంటాది కదా? ఆ యాళకు కూసుంటే బడికి వచ్చినట్టే."

"పొయ్యిలోకి పనికొస్తాదిలే," అని నవ్వి, మారెమ్మ దాన్ని బొంతలో చుట్టింది.

పొయ్యిలో పెట్టలేదు ఎవ్వరూ. మిరప చేలల్లో, గుడారాల నీడన, పొద్దున కోతకు వంగి వచ్చిన పిల్లలు ఎండ పెరిగాక పలకల మీద కూర్చునేవాళ్ళు. ఇక్కడ బడిలో ప్రతి ఒక్కరి పక్కనా ఒక ఖాళీ. ఆ ఖాళీలో అక్కడి పిల్లో పిల్లాడో. కావేరి చెవిలో పడ్డ పాఠం మాదేవి చెవిలో పడేది. కావేరి వేలితో పలక మీద లెక్క రాస్తే మాదేవి చదువుకునేది. కావేరి తప్పు రాస్తే మాదేవి పలకను గోటితో గిచ్చేది, కావేరికి పిర్ర కింద చురుక్కుమనేది. "నువ్వే తప్పు, నేను కాదు" అని గొడవపడేవాళ్ళు కూడా. పేరు పిలిస్తే అక్కడినుంచి రెండు దెబ్బలు మోగేవి. ఆ టకటకలు వింటూ వహీదా పొంగిపోయేది. దేశంలో ఏ బడికైనా ఉందా ఇంత భాగ్యం అనుకునేది.

ఒక్క ఈరేష్ అనే పిల్లాడికే జంట లేకుండా పోయింది. అతనికి ఇక్కడ జతగా కూర్చోవలసిన రఫీని వాళ్ళ నాన్న నడిమధ్యలో ఆదోని కాన్వెంటులో వేశాడు. ఆ పలక గోడవార ఒంటరిగా పడి ఉండేది.

ఇక మధ్యాహ్న భోజనం సంగతి. ఆ ఊరి పిల్లలకు పక్కన కూర్చున్నవాళ్ళకు పెట్టకుండా ముద్ద నోట్లో పెట్టుకునే అలవాటు లేదు. గుడ్డయినా సరే సగం చేసి పెడతారు. పలక మీద కూర్చుని తింటే అక్కడివాళ్ళకు కడుపు నిండినట్టు అవుతోందని మొదట కనిపెట్టింది కావేరే.

"మాదేవి పలక మీద రాసినాది టీచర్. గుడ్డు బాగుండాదంట! కడుపు నిండినాదంట!"

అంతే, తరగతంతా విజృంభించింది. ఒకసారి తిన్నవాళ్ళు మళ్ళీ పెట్టించుకున్నారు. తినలేక ఆయాసపడుతూ కూడా తిన్నారు. వంట రంగమ్మ గరిటె పట్టుకుని లబోదిబోమంది.

"ఏం కడుపులప్పా ఇవి, బావులా? బీరకాయంత లేదు ఆ పిల్ల, ఇద్దరి కూడు తింటాండాది!"

"ఇద్దరి కోసమే తింటాండా అవ్వా," అంది కావేరి నిండు నోటితో.

వహీదా గుమ్మంలో నిలబడి అది చూసింది. ఈ పిల్లల మనసుకు మొక్కాలి అనుకుంది. మనసు నిండా మురిసిపోయింది. ఒక్క క్షణం ఆగి ఫిజిక్స్ టీచరులా ఆలోచించి ఉంటే ఎంత బాగుండేది!

ఈ వరస మొదలైన మూడో వారంలో, తెలుగు పాఠం నడుస్తుండగా, కావేరి మాటా పలుకూ లేకుండా పక్కకు ఒరిగిపోయింది. ఒళ్ళు చల్లగా ఉంది. వహీదా ఆమెను పలక మీదనుంచి లేపి ఒళ్ళో పడుకోబెట్టుకుందో లేదో, పిల్ల కళ్ళు తెరిచి లేచి కూర్చుంది. ఆమెకేమీ కాలేదు.

"మాదేవి టీచర్! మాదేవి పడిపోయినాది!" అని ఒకటే ఏడుపు.

తాయప్ప ఫోను మీద ఫోను చేశాడు. సాయంత్రానికి మారెమ్మ దొరికింది. ఆసుపత్రి వరండాలోంచి మాట్లాడుతోంది.

"గ్లూకోజు ఎక్కిస్తాండారు సారూ. డాక్టరమ్మ నన్ను తిట్టినాది, బిడ్డకు కూడు పెట్టవా అని. పెట్టనా నేను? ఆకలి లేదు, కడుపు నిండుగా ఉండాదంటాది రోజూ. దాని కూడంతా తమ్మునికి పెడ్తాండాది. నేను చేన్లో ఉంటి, చూడకపోతి..."

ఫోను స్పీకరులో ఉంది. పక్కనే ఉన్న వహీదా గోడకు చేరబడి నేల మీద కూర్చుండిపోయింది. నిండింది కడుపు కాదు, నిండినట్టు తోచింది మాత్రమే. ఇక్కడి అన్నం మెతుకు ఒక్కటీ అక్కడికి చేరలేదు. అక్కడి ఆకలిని మాత్రం తుడిచేసింది. మనిషిని అన్నం దగ్గరికి నడిపించేదే ఆకలి. పిల్లల చేత ఆ ఆకలినే చంపించింది తను.

కావేరి వచ్చి ఆమె ఎదుట నిలబడింది. "నేను తింటే దానికి బలం వస్తాదనుకుంటి టీచర్," అంది.

"నీ తప్పు కాదు తల్లీ. నాది. నాదే," అంది వహీదా.

ఆ సాయంత్రమే తాయప్ప ముందు తేల్చి చెప్పింది. పలకలన్నీ అడ్డంగా కోసేస్తాను సార్, అడ్డంగా కోస్తే జంట తెగిపోతుంది. తాయప్ప గోడకున్న క్యాలెండరు వైపు చూశాడు. తనిఖీ వచ్చే వారమే. పలకలు కోస్తే సగం తరగతి ఖాళీ. ఆ ఖాళీని చూసి బడి మూస్తారు. ఇద్దరికీ తెలిసిన సంగతే.

"నీ ఇష్టమమ్మా," అన్నాడు చివరికి. "ఒక బిడ్డ ప్రాణం మీదికి తెచ్చి నిలబెట్టుకునే బడి నాకు అక్కర లేదు. అయితే రెండు దినాలు ఆగి కొయ్యి. రంపం యాడికీ పోదు."

మరునాడు రంజాన్ మొదటి ఉపవాసం. వహీదాకు మనసు ఎక్కడా నిలవలేదు. మధ్యాహ్నం తరగతిలో గోడవార ఒంటరిగా ఉన్న పలక కనిపించి, దాని మీద కూర్చుంది. కోసేముందు ఒకసారి దాని జతగాణ్ణి పలకరిద్దామనిపించింది, అంతే. రెండు దెబ్బలు కొట్టింది. అవతల ఈరేష్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. పాపం, ఇన్నాళ్ళూ పలకమీద కూర్చుని పలికేవాళ్ళు లేక విసిగిపోయి ఉన్నాడు. ఇద్దరూ కలిసి చాలాసేపు లెక్కలు చేశారు. వహీదా నాలుక పిడచ కట్టుకుపోతోంది, కడుపు నకనకలాడుతోంది.

ఉన్నట్టుండి ఆ నకనక ఆగింది. కడుపులో గోరువెచ్చగా ఏదో దిగింది. జొన్నరొట్టె. పుంటికూర పులుపు. ఇంకో రొట్టె. ఇంకోటి. ఆమె కంగారుగా లేచి నిలబడింది.

తాయప్ప దగ్గరికి పోయి, "సార్, నా ఉపవాసం ఉందో పోయిందో అర్థం కావడం లేదు," అంది.

"నోట్లో ఏమన్నా వేసుకున్నావామ్మా?"

"లేదు సార్."

"అయితే ఉండాదిలే. పైనున్నాయనకు ఆమాత్రం ఫిజిక్స్ రాదంటావా?"

ఆమె నవ్వబోయి, ఏదో తట్టి ఆగిపోయింది. అప్పుడే ఈరేష్ తల్లికి ఫోను చేయించింది. ఆ తల్లి సంబరంగా చెప్పింది: "ఏమో టీచరమ్మా, ఈ పొద్దు మావాని ఆకలి చూడాల! ఎన్ని రొట్టెలేసినా చాలల్యా. ఇన్నాళ్ళకు కడుపుకింత తిన్యాడు."

వహీదా ఆకలి వాణ్ణి అన్నం దగ్గర కూర్చోబెట్టింది. వాడు తిన్న తిండి వహీదాకు కడుపు నింపింది. మొదటినుంచీ తాము తిరగేసి పట్టుకున్నారు! ముందు తినవలసింది అక్కడివాళ్ళు.

మరునాడు పిల్లలందరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. ఇక్కడివాళ్ళు ముందు తినకూడదు. ఆకలితో ఆగాలి. ఆ ఆకలి అక్కడివాళ్ళకు తెలియాలి. వాళ్ళు తిని, ఇక్కడ కడుపులో వెచ్చగా తగిలాకే పళ్ళెంలో చెయ్యి పెట్టాలి. ఆకలి లేకపోయినా తప్పకుండా తినాలి, లేకపోతే మాదేవిలా పడిపోతారు. మేస్త్రీ పెద్దవాళ్ళను వదిలి, వాళ్ళు అన్నం తెచ్చేదాకా అక్కడి పిల్లలకు తిండి లేదు కాబట్టి ఒక్కోరోజు చాలా ఆలస్యం కావచ్చు. "ఇది మీకు కష్టం. వద్దన్నవాళ్ళను నేనేమీ అనను. పలక దిగి మామూలుగా తినండి."

ఒక్కరూ దిగలేదు. తనిఖీ అయ్యేదాకా చూద్దామని వహీదా రంపాన్ని బీరువా పైన పెట్టింది. ఆసుపత్రినుంచి వచ్చిన మాదేవి మళ్ళీ పలక మీద కూర్చుని రెండు దెబ్బలు కొట్టిన రోజున కావేరి పలకను కావిలించుకుని ముద్దుపెట్టుకుంది.

తనిఖీ అధికారి శేషఫణి గారు సరిగ్గా భోజనాల వేళకు దిగారు. మంచి మనిషే, కాకపోతే కంటికి కనబడనిది నమ్మని మనిషి. తరగతి గుమ్మంలో నిలబడి చూసి బిత్తరపోయారు. పిల్లల ముందు పళ్ళేలు నిండుగా ఉన్నాయి. అన్నం మీద పప్పు, పక్కన గుడ్డు. ఒక్కరి చెయ్యీ కదలడం లేదు. కొందరు గుటకలు మింగుతున్నారు. ఒక చిన్నపిల్ల కళ్ళు మూసుకుని కూర్చుంది.

"ఏమిటీ శిక్ష? ఎవరు పెట్టారీ శిక్ష?" ఆయన గొంతు లేచింది. "బెంచీకి ఒక్కరు! సగం బడి ఖాళీ! ఉన్నవాళ్ళ కడుపులూ మాడుస్తున్నారా?"

ఆ మాటకే కాచుకున్నట్టు వెనకనుంచి ఇంకో గొంతు లేచింది. కావేరి అవ్వ హనుమక్క. "అడగు సామీ, గట్టిగా అడగు! మా పిల్ల మూడు దినాల నుంచి పొద్దు వాలినాక తింటాండాదంట! ఇదేం బడి?"

వహీదా ఇద్దరికీ దండం పెట్టింది. "సార్, నేను చెబితే మీరు నమ్మరు. కాసేపు కూర్చోండి. అంతే నేను అడిగేది."

కావేరి తన చోటునుంచి లేచి పక్కకు నిలబడింది. "ఈడ కూసోండి సార్. అవతలుండే మాదేవి తిన్నాకే నేను తినేది. అది మంచిదే, ఏమీ అనదు."

ఏమనుకున్నారో శేషఫణి గారు ఇస్త్రీ ప్యాంటు సర్దుకుని కూర్చున్నారు. మొదట ముఖం చిట్లించారు. తర్వాత మెడ వెనక తడుముకున్నారు, ఎండ మాడుస్తున్నట్టు. తర్వాత చేతివేళ్ళు చూసుకున్నారు. తెల్లగా, శుభ్రంగా ఉన్న వేళ్ళే. అవి భగభగ మండుతున్నాయి. మిరపకాయలు తుంచితుంచి తోలు లేచిన వేళ్ళ మంట అది. నడుము పట్టేసింది. ఆయన లేవబోయి, లేవలేదు. ఆకలి మొదలైంది. పన్నెండేళ్ళ పిల్ల పొద్దుటినుంచీ వంగి పనిచేశాక వేసే ఆకలి. ఆయన ఉదయం టిఫిను చేసే వచ్చారు, కానీ ఆ ఆకలి ఆయన టిఫినుకు లొంగలేదు.

రంగమ్మ పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. ఆయన చెయ్యి దాని మీదికి పోయింది. పోయి ఆగింది.

"ఆ పిల్ల... తినిందా?" అని అడిగారు కావేరిని, చాలా మెల్లగా.

"ఇంకా ల్యా సార్. మేస్త్రీ వాళ్ళమ్మను వదల్లేదేమో."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. పళ్ళేల మీద పప్పు చల్లారిపోయింది. హనుమక్క గుమ్మంలో అట్లాగే నిలబడింది. కాసేపటికి ఆమె తన నోట్లోని ఆకువక్క కూడా ఉమ్మేసి వచ్చి, ఒక మూల నేల మీద కూర్చుంది.

ఎంతసేపటికో ఆయన కడుపులో గోరువెచ్చగా తగిలింది. ఆయన ఉలిక్కిపడ్డారు. "వచ్చింది! తింటోంది! తింటోందమ్మా!" అని గట్టిగా అరిచారు, చిన్నపిల్లాడిలా. అప్పటికే గది నిండా చేతులు పళ్ళేల్లోకి దిగుతున్నాయి. కావేరి నిలబడే తన పళ్ళెం అందుకుంది. ఆయన కూడా తిన్నారు. గుడ్డు సగం చేసి కావేరి పళ్ళెంలో వేశారు.

చెయ్యి కడుక్కున్నాక హాజరు లెక్కకు వచ్చారు. తాయప్ప రిజిస్టరు తెచ్చి పట్టుకున్నాడు. "సార్, రూలు ప్రకారం..." అని ఏదో మొదలుపెట్టాడు.

"రూలు ప్రకారం తరగతిలో కూర్చున్నవాళ్ళను లెక్కపెట్టాలి. నేను చెయ్యి పెట్టి చూసి లెక్కపెడతాను. నన్ను తొందరపెట్టకండి."

ఆయన మొదటి బెంచీనుంచి బయలుదేరారు. ప్రతి పలక మీదా అరచెయ్యి ఆనించి, పేరు పిలిచి, రెండు దెబ్బలు చేతికి తగిలేదాకా ఆగారు. తగిలాక "ఇద్దరు" అన్నారు. తర్వాతి బెంచీ. "ఇద్దరు." జవాబు ఆలస్యమైతే విసుక్కోలేదు, మళ్ళీ పిలిచారు. గది గదికీ తిరిగారు. ఆయన కారు డ్రైవరు రెండుసార్లు వచ్చి తొంగిచూసి పోయాడు. తాయప్ప వెనకే నడుస్తూ కండువాతో కళ్ళు ఒత్తుకుంటూనే ఉన్నాడు. ఒక్క బెంచీ దగ్గర కూడా శేషఫణి గారు "ఒకరు" అనవలసి రాలేదు.

చివరికి ఏడో తరగతిలోని గోడవార పలక దగ్గరికి వచ్చారు. దాని మీద వహీదా కూర్చుని ఉంది, ఈరేష్‌కు జతగా. ముందు పళ్ళెం లేదు. తెల్లవారకముందు నుంచీ మంచినీళ్ళ చుక్క కూడా నోట్లో పొయ్యని మనిషి. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. శేషఫణి గారు పలక మీద చెయ్యి ఆనించారు. అవతలినుంచి ఈరేష్ టకటకా కొట్టాడు, తిన్న హుషారుతో ఇంకో రెండు దెబ్బలు ఎక్కువే కొట్టాడు.

"ఇద్దరు," అన్నారాయన. తర్వాత ఆమె ముఖం చూసి అడిగారు, "మీరు తిన్నారా టీచర్?"

"నిండింది సార్," అంది వహీదా.